కొండమీద నాలుగు రుమాళ్ళు

ఈ రోజుల్లో మనిషికి సొంత ఇల్లు లేకపోయినా ఫరవాలేదు గానీ, ఏ కొండమీదో సొంత వారం ఒకటి ఉండితీరాలి. ఇల్లుంటే రోజూ అందులో ఉండాలి, వెల్ల వేయించుకోవాలి, పన్ను కట్టుకోవాలి. వారమైతే ఏడాదికి ఏడు రోజులు వెళ్ళి ఉంటే చాలు. మిగతా బాధలన్నీ ఇల్లున్నట్టే పడొచ్చు.

ఏలూరులో ఒక ప్రైవేటు కాలేజీలో ఆఫీసు సూపరింటెండెంటుగా పనిచేసే చెరుకుమల్లి పట్టాభిరామయ్య అలాంటి వారానికొక యజమాని. ఆనంద సప్తాహ హాలిడే ఓనర్స్ క్లబ్బు వారి కొండమీది రిసార్టులో మూలగది, మే నెల రెండో వారం, ఆయన ఆస్తి. ఆ గదికి ఆయనలాంటి యజమానులు ఇంకా యాభై ఒక్కమంది ఉన్నారు. ఏడాదిలో ఒక వారం గది ఆయనది. మిగిలిన యాభై ఒక్క వారాలూ ఆయనే గదివాడు.

ఈ యజమాన్యం ఆయన కోరి తెచ్చుకున్నది కాదు. నాలుగేళ్ళ క్రితం పెట్రోలు బంకు దగ్గర ఒకమ్మాయి నవ్వుతూ పేరూ ఫోను నంబరూ రాయించుకుంది. మర్నాడు ఫోనొచ్చింది. లక్కీ డ్రాలో మీకు ప్రెషర్ కుక్కర్ వచ్చింది, దంపతులిద్దరూ హోటలుకొచ్చి తీసుకెళ్ళండి అని. తీరా వెళ్తే ఏసీ హాల్లో కూర్చోబెట్టి, మధ్యాహ్నం దాకా ఒకటే ప్రశ్న తిప్పి తిప్పి అడిగారు, మీరు మీ కుటుంబాన్ని ప్రేమిస్తున్నారా లేదా అని. పట్టాభి అసలే మొహమాటస్థుడు. నలుగురిలో, పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, లేదని ఎలా అంటాడు? సంతకం పెట్టేశాడు. కుక్కరు ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఇంటికొస్తూ రత్నకుమారి ఒకే మాటంది.

"కుక్కరుకని వెళ్ళి కొండ కొన్నారు."

కొంటే కొన్నాడు, అంతటితో పోతే ఈ కథే లేదు. రత్నకుమారివాళ్ళు నలుగురు అక్కచెల్లెళ్ళు. ఏటా వేసవిలో నలుగురూ మొగుళ్ళనీ పిల్లల్నీ వెంటేసుకుని, ఒక వ్యాను మాట్లాడుకుని, ఏదో ఒక ఊరు వెళ్ళిరావడం వాళ్ళ పుట్టింటి ఆనవాయితీ. వ్యానులో గ్యాసు పొయ్యి, పులిహోర గిన్నె, ఆవకాయ జాడీ, పేకముక్కలు. పడక సత్రాల్లో, చాపలమీద. ఖర్చు తలా కాస్త. నలుగురు అల్లుళ్ళకీ ఒకేసారి సెలవు దొరికేది మే రెండో వారంలోనే. ఆ వారం పట్టాభికి కొండ. అందుచేత నాలుగేళ్ళుగా వ్యాను వీళ్ళు లేకుండానే వెళ్ళొస్తోంది.

వ్యానులో అక్కచెల్లెళ్ళ మధ్య కూర్చున్నప్పుడు రత్నకుమారి ఒక నవ్వు నవ్వుతుంది. కడుపు పట్టుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "ఆపండే, చచ్చిపోతా" అంటూ. ఆ నవ్వు ఇంట్లో రాదు, కొండమీద అసలే రాదు. పట్టాభికి ఆ నవ్వంటే ప్రాణం. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, భార్యకి కూడా.

ఈ ఏడు వ్యాను పూరీకి అనుకున్నారు. రత్నకుమారి భర్త ముందు కాఫీ పెట్టి, కూతురు హిమజ వింటూండగా నెమ్మదిగానే చెప్పింది.

"ఏవండీ, పెద్దక్క మోకాళ్ళు వచ్చే ఏడు వ్యానెక్కనిస్తాయో లేదో తెలీదు. అత్తయ్యగారికి జగన్నాథుణ్ణి చూడాలనుంది. నేనూ, అత్తయ్యగారూ, హిమజా వెళ్తున్నాం. మన వాటాకి చిట్టీ పాడేశాను. మీరొస్తారో, మీ కొండకే పోతారో, ఆలోచించుకోండి."

"అది కాదే, వారం వదిలేస్తే..."

పట్టాభి తల్లి తాయారమ్మ పక్కగదిలోంచి అందుకుంది. "ఒరేయ్ పట్టాభీ, కొండ ఎక్కడికీ పోదురా. పోతే నేనే పోతాను."

పట్టాభికీ వ్యానే ఎక్కాలనుంది. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళాలి, ఆ పక్కన కూర్చోవాలి, ఆ నవ్వు వినాలి. అంతకుమించి ఆయనకి ఈ వేసవిలో కోరిక లేదు. వారం మార్చమని బతిమాలుకోవడానికి మర్నాడే విజయవాడలో క్లబ్బు ఆఫీసుకి వెళ్ళాడు.

ఆఫీసు గోడలనిండా నవ్వే కుటుంబాల ఫోటోలున్నాయి. ఒక్కరి చంకలో సంచీ లేదు, ఒక్కరి చేతిలో నీళ్ళసీసా లేదు. ఇంతకీ ఎక్కడివాళ్ళో తెలియదు. ఆ ఫోటోల కింద యజమాని సంబంధాల అధిపతి విశ్వంభరం గారు టై కట్టుకుని కూర్చున్నారు.

"వారం మార్చడమా!" ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పట్టాభిరామయ్య గారూ, తమది సెలవు కాదు. స్థిరాస్తి. కాలంలో నెలకొన్న స్థిరాస్తి. మీ పొలాన్ని పక్కూరికి జరపమని తహసీల్దారుని ఎప్పుడైనా అడిగారా?"

"లేదండి. పొలం లేదండి."

"ఉంటే అడిగేవారా?"

"అడగనండి."

"మరి వారాన్ని జరపమని మమ్మల్నెలా అడుగుతున్నారు? స్థిరాస్తి కదిలిందంటే చరాస్తి అయిపోతుంది. నష్టం తమకే."

"పోనీ ఈ ఏటికి ఖాళీగా ఉంచేయండి. నేనేం అనుకోను."

విశ్వంభరం గారు చెవులు మూసుకున్నారు. "యజమాని బతికుండగా ఆస్తిని అనాథని చేస్తారా? నిబంధన ప్రకారం వాడని వారం నిర్లక్ష్యం. వారం వాడకుండా కుటుంబంతో మరోచోటికి వెళ్తే అది పరవిహారం. పరవిహారం మీద తమరెంత ఖర్చు పెడితే అంతా క్లబ్బుకి కూడా చెల్లించాలి."

"అంటే, రెండుసార్లు కట్టాలాండీ?"

"ఒకసారి వాళ్ళకి. ఒకసారి ధర్మానికి."

పట్టాభి మనసులో లెక్క వేసుకున్నాడు. ఒక పూరీకే భార్య చిట్టీ పాడింది, రెండో పూరీకి పాడటానికి ఇంట్లో ఏమీ లేదు. "మా అమ్మ పెద్దదండీ. దేవుడి దర్శనానికి వెళ్తున్నారు. అది కూడా విహారమేనా?"

"తీర్థయాత్రకి మినహాయింపు ఉంది," అన్నారు విశ్వంభరం గారు, ఎంతో ఉదారంగా. "అయితే క్యూలో నలగాలి, కాళ్ళు పీకాలి. సముద్రం మాత్రం చూడకూడదు. చూస్తే విహారం కిందికొస్తుంది."

"పూరీలో గుడికి దగ్గర్లోనే సముద్రమండి."

"అటు తిరక్కుండా ఉండగలరా?"

పట్టాభి ఆలోచించాడు. అక్కచెల్లెళ్ళు నలుగుర్నీ సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళి అటు తిరగొద్దని చెప్పే మొనగాడు ఆ వంశంలో ఇంతవరకూ అల్లుడుగా రాలేదు. "ఉండలేరండి," అన్నాడు.

"నిజాయితీపరులు!" విశ్వంభరం గారు కరిగిపోయారు. "మీవంటివారి కోసమే ప్రతినిధి విహార పథకం పెట్టాం. యజమాని ఒక్కరు వస్తే చాలు. మిగతావాళ్ళు ఎక్కడికైనా పోవచ్చు. అయితే వాళ్ళ ముగ్గురి ఆనందం కూడా తమరే అనుభవించాలి. నలుగురి టిఫిను, నలుగురి ఆటపాటలు, నలుగురి ఉల్లాసం. ఏ ఒక్కరి ఆనందం తరిగినా వారం వాడనట్టే, వాళ్ళది పరవిహారమే."

"నాలుగు టిఫిన్లు ఎలా తింటానండి?"

"యజమాన్యమంటేనే బాధ్యత సార్," అన్నారు ఆయన, నిట్టూరుస్తూ.

పట్టాభి ఇంటికొచ్చి సంగతి చెప్పాడు. రత్నకుమారి తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది. "సరే, మాత్రలు మర్చిపోకండి," అని ఆయన బట్టలు సర్దింది. హిమజ మాత్రం, "నాన్నా, నా వంతు కూడా బాగా ఎంజాయ్ చెయ్యి. అన్యాయం చేశావంటే ఊరుకోను," అని ఏడిపించింది. వ్యాను తెల్లారి వస్తుందనగా ఆయన ముందురోజే కొండదారి పట్టాడు. వ్యాను కదలడం చూస్తూ గుమ్మంలో నిలబడే ధైర్యం ఆయనకి లేదు.

కొండమీద ఆనంద నిర్వాహకుడు మార్తాండరావు మెళ్ళో ఈల వేసుకుని స్వాగతం చెప్పాడు. "చెరుకుమల్లి వారి కుటుంబానికి సుస్వాగతం!" అంటూ పట్టాభి ఒక్కడి మెళ్ళో నాలుగు దండలు వేయించాడు. చేతికి నాలుగు పట్టీలు కట్టించాడు. నాలుగు గ్లాసుల పుచ్చకాయరసం తెప్పించి, ఆఖరిది పూర్తయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్న నలుగురి ఇడ్లీ, నలుగురి పూరీ, నలుగురి ఉప్మా వచ్చాయి. అసలు పూరీ వేరేచోట ఉందని పట్టాభికి గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. తంబోలాలో నాలుగు టిక్కెట్లిచ్చారు. అంత్యాక్షరిలో రెండు జట్లలోనూ ఆయన్నే వేశారు, ఆయన పాడి ఆయనే ఓడిపోయాడు. దంపతులకి కాళ్ళు కట్టి పరిగెత్తించే పోటీలో ఆయన ఎడమకాలిని ఆయన కుడికాలికే కట్టారు. గెంతుకుంటూ వెళ్తే రెండో బహుమతి వచ్చింది. బహుమతి ఇస్తూ నిజంగా సంతోషంగా ఉందా అని అడిగారు. చాలా ఉందన్నాడు. మిగతా ముగ్గురికీ ఉందా అని అడిగారు. వాళ్ళకి ఇంకా ఎక్కువ ఉందన్నాడు.

అసలు చిక్కు భోజనాల హాల్లో వచ్చింది. కుటుంబానికి నాలుగు కుర్చీలు వేస్తారు. పట్టాభి ఒక కుర్చీలో కూర్చుని చేయి కడుక్కుందామని లేచేసరికి, హైదరాబాదునుంచి వచ్చిన ఒక భారీ యజమాని పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మార్తాండరావు ఈల ఊదాడు.

"సార్, తమ కుటుంబంలో ఒకరు తగ్గారు! ఆ కుర్చీలో ఎవరుండాలి?"

"మా అమ్మండీ," అన్నాడు పట్టాభి.

"మీ మాతృమూర్తి భోజనానికి గైర్హాజరైనట్టు రాసుకోమంటారా?"

గైర్హాజరంటే ఆనందం తరిగినట్టు, తరిగితే రెండో పూరీ కట్టాలి. పట్టాభి బుర్ర పనిచేయలేదు గానీ చేతులు వాటంతటవే పనిచేశాయి. ఏలూరు బస్టాండులో ఒక వయసు గడిపిన చేతులవి. భారీ యజమానికి దణ్ణం పెట్టి లేపి, ఊబకాయం కదిలీ కదలకముందే జేబులోంచి రుమాలు తీసి కుర్చీలో వేశాడు. సంచీలోంచి ఇంకో రెండు తీసి మిగతా కుర్చీల్లోనూ పరిచాడు.

"ఏమిటిది?" అన్నాడు మార్తాండరావు.

"రుమాలండి. సీటు ఆపాను."

"రుమాలుంటే?"

"మనిషున్నట్టే కదండీ! బస్సు ఆగకముందే కిటికీలోంచి రుమాలు పడిందనుకోండి, ఇక ఆ సీటు జోలికి కండక్టరు కూడా రాడు. అది అందరికీ తెలిసిన న్యాయమేనండి."

మార్తాండరావు చిన్నప్పుడు బస్సులెక్కినవాడే. ఆ న్యాయాన్ని కాదనలేకపోయాడు. ఆఫీసు గదిలోకెళ్ళి ల్యాండ్‌లైన్లో విశ్వంభరం గారికి ఫోను చేశాడు. చీకటి పడేలోగా విజయవాడనుంచి ఉత్తర్వు దిగింది. "సభ్యుల కుర్చీలో వేయబడిన రుమాలు, వేయబడిన వేళనుండి తీయబడు వేళవరకు, సదరు సభ్యుని సంపూర్ణ హాజరుగా పరిగణింపబడును."

ఆ ఉత్తర్వుతో పట్టాభి పొట్టకి మోక్షం వచ్చింది. టిఫిన్లు రుమాళ్ళ ముందు పెట్టి తీసేవారు. రుమాళ్ళకి చేతిపట్టీలు పిన్నీసులతో గుచ్చారు. అంచు రుమాలు రత్నకుమారి అనీ, పువ్వులది హిమజ అనీ, తెల్లది తాయారమ్మ అనీ రాసుకున్నారు. పొద్దున్నే యోగాకి మూడింటినీ తీసుకెళ్ళి గడ్డిమీద పరిచేవారు. పెద్దావిడ రుమాలుకి కీళ్ళనొప్పులుంటాయని శవాసనంతో సరిపెట్టారు. పువ్వుల రుమాలు పక్కన గుంటూరు యజమానిగారబ్బాయి కూర్చుంటే, "బాబూ, వయసులో ఉన్న పిల్ల, కొంచెం జరుగు," అని మార్తాండరావే మందలించాడు.

మిగతా యజమానులు ఊరుకుంటారా? వాళ్ళకీ పెళ్ళిళ్ళున్నాయి, పుట్టిళ్ళున్నాయి, వేరే ఊళ్ళున్నాయి. రుమాళ్ళేసి ఒక్కొక్కరే ఇంట్లోవాళ్ళని కొండ దింపేశారు. వారం సగమయ్యేసరికి భోజనాల హాల్లో మనుషులకన్నా రుమాళ్ళెక్కువయ్యాయి. ఇంత క్రమశిక్షణ గల సభ్యుల్ని తన సర్వీసులో చూడలేదని మార్తాండరావు పొంగిపోయాడు.

ఆ సాయంత్రం ముందే అనుకున్న వేళకి రత్నకుమారి ఫోను చేసింది. కొండమీద సిగ్నలు అందేది వాటర్ ట్యాంకు దగ్గర ఒక్కచోటే. పట్టాభి ఆ ట్యాంకు నిచ్చెన పట్టుకుని వేలాడుతూ చెవికి ఫోను ఆనించాడు.

"ఏవండీ, మాత్రలేసుకుంటున్నారా? పూరీ అయిపోయింది, అత్తయ్యగారికి దర్శనం బాగా అయింది. ఇప్పుడు గోపాలపూర్ వెళ్తున్నాం. అక్కడ సముద్రం ఖాళీగా ఉంటుందట. రెండు రోజులుండి..." అంతలో వెనకనుంచి ఎవరో ఏదో అన్నారు. రత్నకుమారి నవ్వడం మొదలెట్టింది. మాట రాక, ఊపిరాడక, "ఆపండే, చచ్చిపోతా" అంటూ. సరిగ్గా అక్కడ సిగ్నలు పోయింది.

పట్టాభి నిచ్చెనమీదే ఏడ్చాడు. ఎవరికోసం ఈ కొండ కొన్నాడో వాళ్ళంతా వ్యానులో ఉన్నారు, కొన్నవాడు మాత్రం నిచ్చెనమీద ఉన్నాడు. కింద క్లబ్బు కుర్రాడొకడు పుస్తకం పట్టుకుని నిలబడి, "సార్, ఆనందబాష్పాలేనా? నలుగురివీ రాసుకోమంటారా?" అని అడిగాడు. రాసుకోమన్నాడు.

మర్నాడు పొద్దున్న సభ పెట్టారు. వేదికమీద నాలుగు కుర్చీలు. ఈ వారపు ఉత్తమ కుటుంబం చెరుకుమల్లి వారిదేనని మార్తాండరావు ప్రకటించాడు. "ఈ కుటుంబంలో తగువు లేదు. అలక లేదు. పిల్ల ఫోను పట్టుకుని మూల కూర్చోలేదు. ఇల్లాలు బాత్రూము బాగాలేదనలేదు. అత్తాకోడళ్ళు పక్కపక్కనే ఉండి ఒక్క పొల్లు మాట అనుకోలేదు!" చప్పట్లు మోగాయి. పట్టాభినీ మూడు రుమాళ్ళనీ కలిపి ఫోటో తీశారు. కొంచెం నవ్వమ్మా అని రుమాళ్ళకి చెప్పారు.

"ఈ సందర్భంగా," అన్నాడు మార్తాండరావు, "చెరుకుమల్లి వారికి దసరా వారం కూడా సులభ వాయిదాలమీద కేటాయిస్తున్నాం. ఇక్కడ సంతకం పెట్టండి సార్."

పట్టాభి కాగితం వెనక్కి నెట్టాడు. "వద్దండీ. అయినా మా ఇంట్లోవాళ్ళని అడక్కుండా ఎలా పెడతానండి?"

"ఇంట్లోవాళ్ళు ఇక్కడే ఉన్నారు కదా సార్!" మార్తాండరావు కుర్చీలవైపు తిరిగి, చేతులు జోడించి, "అమ్మా, పెద్దమ్మగారూ, పాపా, దసరా వారం మీకు సమ్మతమేనా?" అని అడిగాడు. హాలంతా నిశ్శబ్దంగా ఉంది. ఆయన చెవి దగ్గర చేయి పెట్టి కాసేపు విన్నాడు.

"మౌనం అర్ధాంగీకారమన్నారు పెద్దలు. మూడు మౌనాలు. సగం చొప్పున ఒకటిన్నర అంగీకారం. తమరొక్కరే కాదంటున్నారు. ఒకటిన్నరకి ఒకటి. కుటుంబం తీర్మానించింది సార్, సంతకం పెట్టండి."

పట్టాభి ఆ మూడు రుమాళ్ళనీ చూశాడు. నాలుగేళ్ళుగా మొహమాటపడుతూ వచ్చిన మనిషికి, గుడ్డముక్కలు తనమీద ఓటేసేసరికి ఒళ్ళు మండింది. చెమట తుడుచుకుంటున్న రుమాలుని నాలుగు మడతలు పెట్టి, లేచి నిలబడి, తన కుర్చీలో వేశాడు. చేతికున్న పట్టీ విప్పి దానికి గుచ్చాడు. వేదిక దిగి, గదిలోంచి సంచీ తెచ్చుకుని గేటువైపు నడిచాడు.

"సార్, సార్! ఎక్కడికి?" మార్తాండరావు వెంటపడ్డాడు.

"ఎక్కడికీ లేదండి. ఇక్కడే ఉన్నాను కదా," అని పట్టాభి వేదికవైపు చూపించాడు.

మార్తాండరావు వెనక్కి తిరిగి చూశాడు. నాలుగు కుర్చీలు, నాలుగు రుమాళ్ళు. ఉత్తర్వులో ఎక్కడా లోపం లేదు. తిరిగి వేదిక దగ్గరికి వెళ్ళి, నాలుగో కుర్చీ ముందు వంగి, "క్షమించాలి సార్, తమరు వెళ్ళిపోతున్నారనుకున్నాను," అన్నాడు.

పట్టాభి దొరికిన జీపులో కొండ దిగి, బస్సెక్కి, విశాఖలో రైలెక్కి, బరంపురంలో దిగి, మర్నాడు పొద్దు వాలేవేళకి గోపాలపూర్ ఒడ్డున చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళలో నలుగురు అక్కచెల్లెళ్ళు చీరలు ఎత్తిపట్టుకుని, ఒకరినొకరు తోసుకుంటూ గోలగోలగా ఉన్నారు. రత్నకుమారి కడుపు పట్టుకుని వంగిపోయి నవ్వుతోంది. ఆయన పిలవలేదు. ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఆగుదామనుకున్నాడు. ఇంతలో జేబులో ఫోను మోగింది.

"చెరుకుమల్లి పట్టాభిరామయ్య గారి తాలూకు వారేనా?" మార్తాండరావు గొంతు బరువుగా ఉంది.

"ఆ, నేనేనండి..."

"కొంచెం ధైర్యం తెచ్చుకోవాలి. యజమాని గారి రుమాలు గాలికెగిరి స్విమ్మింగ్ పూల్లో పడింది. ఆయనకి ఈత వచ్చునా?"

"రాదండి."

"అదే భయపడ్డాం. మావాళ్ళు చేయగలిగిందంతా చేశారు. తీసేసరికే ఆలస్యమైపోయింది."

"మరిప్పుడు వారం సంగతి ఏమవుతుందండి?"

"వారసులకి సంక్రమిస్తుంది. ముగ్గురూ పాపం ఇక్కడే ఉన్నారు. అడిగాం, మౌనంగా ఒప్పుకున్నారు. ఇకమీద బిల్లులన్నీ వారి కుర్చీలకే పంపుతాం, తమకి ఏ సంబంధమూ ఉండదు. రాత్రికి సంతాపసభ ఉంది. తమరు రాగలిగితే..."

"రాలేనండీ. చాలా దూరం వచ్చేశాను."

"అర్థమైంది సార్. అక్కణ్ణుంచి ఎవరు మాత్రం రాగలిగారు!" అని మార్తాండరావు ఫోను పెట్టేశాడు.

అప్పటికే హిమజ చూసేసింది. "నాన్నా!" అని కేక పెట్టి పరిగెత్తుకొచ్చింది. వెనకే తడిసిన చీరతో రత్నకుమారి వచ్చింది.

"అదేంటండీ, వారం పూర్తికాలేదుగా! ఎవరు ఫోన్లో?"

"కొండవాళ్ళే. పోయానట."

"పోతే పోయారు. ముందు ఏమైనా తిన్నారా?" అని ఆవిడ చేయి పట్టుకుని వ్యాను దగ్గరికి లాక్కెళ్ళింది.

సత్రానికి బయల్దేరాలని డ్రైవరు హారను కొడుతున్నాడు. తాయారమ్మని అప్పటికే ఎక్కించారు. పట్టాభి లోపలికి తొంగిచూసి బెంగపడ్డాడు. సామాన్లు, పిల్లలు, గిన్నెలు, కాలు పెట్టే చోటు లేదు. "నేను డ్రైవరు పక్కన బస్తామీద కూర్చుంటాలే," అన్నాడు.

"బస్తామీద ఎందుకండీ మరిది గారూ!" రత్నకుమారి పెద్దక్క మోకాళ్ళు రాసుకుంటూ వెనకసీట్లోంచి అరిచింది. "అదిగో, మీ సీటు. ఏలూరులో ఎక్కినప్పుడే రుమాలు వేసేసింది మీ ఆవిడ. ఇన్ని రోజులూ ఒక్కర్ని కూర్చోనిస్తే ఒట్టు. అరటిగెల పెడతానంటే నామీద కూడా ఎగిరింది. మా ఆయన, అంత మనిషి, పూరీ దాకా కింద చాపమీద కూర్చుని వచ్చారు."

రెండో వరసలో, కిటికీ పక్కన, మడత నలగని రుమాలొకటి ఉంది. పట్టాభి దాన్ని చూస్తూ అలాగే నిలబడిపోయాడు.

"చూస్తారేం, తీసి కూర్చోండి," అంది రత్నకుమారి, కొంగు పిండుకుంటూ. "అదలా ఉంటే మీరింకా రాలేదనుకుంటారు అందరూ."